ఇంకా దిగని బంతి

మాలకొండమ్మకు భయపడడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. పొయ్యి మీద గిన్నె పెడితే పొంగుతుందని భయం, పొంగకపోతే గ్యాసు అయిపోయిందేమోనని భయం. పెద్దకూతురు ప్రవల్లిక ఒకసారి తుమ్మితే జ్వరమనుకుంటుంది, రెండోసారి తుమ్మితే ఆస్పత్రనుకుంటుంది, మూడో తుమ్ముకు ఆటోవాడు వాకిట్లో ఉంటాడు. గుండ్లవారిపాలెం హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండే పని ఆమెది. పదేళ్ళుగా రెండు వందల మందికి వండి పెడుతోంది. ఇంతవరకు ఒక్క పిల్లకు కడుపునొప్పి వచ్చింది లేదు. అయినా అన్నాలయ్యాక ఇంటికి పోదు. ఆఖరి గంట కొట్టేదాకా వంటషెడ్డు గుమ్మంలో కూర్చుని పిల్లల మొహాలు చూస్తూ ఉంటుంది.

అలాంటి మనిషికి కూడా ఎన్నడూ తోచని భయం ఒకటి ప్రభుత్వం వారు కనిపెట్టి పంపించారు.

పెద్దలెవరో విదేశీ పర్యటనకు వెళ్ళి, అక్కడ పచ్చిక మీద తెల్లటోపీల మనుషులు కర్రతో చిన్న బంతిని కొడితే అది కంటికి ఆనకుండా పోవడం చూశారట. ఏ దేశపు బంతి ఎంత ఎత్తు లేస్తే ఆ దేశం అంత ఎత్తు లేస్తుందని వాళ్ళకు తిరుగు విమానంలో తోచిందట. విమానం దిగేసరికి బంతి ఉడ్డయన మండలి ఏర్పడింది. నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. పదో తరగతి పరీక్షకు కూర్చునే ప్రతి విద్యార్థీ గోల్ఫ్ బంతిని నేలలో పాతిన చిన్న మేకు మీద నుంచి కనీసం వంద మీటర్లు ఎగరగొట్టాలి. కొట్టలేనివారికి హాల్ టికెట్ ఇవ్వరు. లెక్కల్లో తప్పితే గ్రేసు మార్కులుంటాయి గాని, ఇందులో దయాదాక్షిణ్యాలు లేవు.

హెడ్మాస్టరు ఏకాంబరం గారు ఆ సర్క్యులర్‌ను ప్రార్థన సమయంలో నిలబడి చదివారు. చదివాక తానే ముందుగా చప్పట్లు కొట్టారు. ఆయన రిటైరు కావడానికి ఎనిమిది నెలలుంది. ఈ ఎనిమిది నెలల్లో పై నుంచి ఏం వచ్చినా చప్పట్లు కొట్టాలని ఆయన ఇంట్లో వాళ్ళతో కలిసి తీర్మానించుకున్నారు.

శిక్షణ భారం డ్రిల్లు మాస్టారు రత్నం గారి మీద పడింది. ఇరవై ఏళ్ళు కబడ్డీ నేర్పిన మనిషి. మండలి పంపిన అరవై నాలుగు పేజీల పుస్తకం ముందేసుకుని వారం రోజులు చదివి, తనకు అర్థమైనంత పిల్లలకు చెప్పారు. బంతి మేకు మీద కాస్త ఎత్తుగా ఉండాలి. ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి. కర్ర కిందిదాకా వచ్చి, మళ్ళీ పైకి లేవబోయేటప్పుడు బంతిని తాకాలి. అప్పుడే అది తక్కువ తిరుగుడుతో ఎక్కువ దూరం పోతుంది. కర్ర మొహం పక్కకు తిరిగితే బంతి కూడా పక్కకే తిరుగుతుంది. బంతి ఒంటి నిండా ఉన్న చిన్న చిన్న గుంటలు గాలిని పట్టుకుని దాన్ని మోస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, పిడికిలి బిగించకూడదు.

ఇంత తెలిసినా ఒక చిక్కు వచ్చింది. తలా ఒక బంతి చొప్పున నంబర్లు వేసిన ముప్పై ఎనిమిది బంతులు బడికి వచ్చాయి గాని, పెట్టె సీలు పరీక్షనాడే తీయాలి. కర్ర మండలానికి ఒకటే. అది కూడా పరీక్షనాడే పోలీసు బందోబస్తుతో జీపులో వస్తుంది. అంతదాకా సాధన ఎలా చెయ్యాలని ఏకాంబరం గారు రాసి అడిగితే, మండలి వారు వెంటనే జవాబిచ్చారు: "ఊహాబంతితో సాధన చేయించి, ఊహాదూరములను ప్రతిదినము రిజిస్టరునందు నమోదు చేయవలెను."

కర్రకు బదులు మాలకొండమ్మ సాంబారు కలిపే పెద్ద తెడ్డు తీసుకుపోయారు. మేకు మీద ఏమీ పెట్టకుండా పిల్లలు వరసగా తెడ్డు ఊపడం, రత్నం గారు కళ్ళు చికిలించి ఆకాశంలోకి చూసి దూరం చెప్పడం, ఒకమ్మాయి రాసుకోవడం. ప్రవల్లిక ఊహాబంతి మొదటివారం తొంభై మీటర్లు పోయింది, రెండో వారానికి నూట ఎనభై దాటింది. ఒక పిల్లవాడి ఊహాబంతి ఏకంగా పక్క మండలంలో పడిందని రాసుకుంటే, అక్కడి డ్రిల్లు మాస్టారు ఇకముందు ఇలా జరగకుండా చూసుకోమని ఉత్తరం రాశారు.

అందరికన్నా దీన్ని నమ్మింది మాలకొండమ్మ. సాధన జరుగుతుండగా ఆవరణ దాటాల్సివస్తే నెత్తిన అల్యూమినియం బేసిన్ బోర్లించుకుని దాటేది. లేని బంతికి భయమెందుకని రత్నం గారు నవ్వితే, ఉన్న బంతయితే కనపడుద్ది, తప్పుకోవచ్చు, ఇదెట్టా కనపడుద్ది సారూ అని అడిగింది. ఆయన పుస్తకం మళ్ళీ తిరగేశారు. అందులో ఊహాబంతి ఊసే లేదు.

ఆమెను మరొకటి కూడా తొలిచేస్తోంది. పిల్ల పిడికిలి వదులు చెయ్యలేకపోతోంది. ఎన్నిసార్లు చెప్పినా తెడ్డు పట్టుకుంటే వేళ్ళు తెల్లబడతాయి. రోడ్డు దాటేటప్పుడు గట్టిగా పట్టుకో, బస్సులో గట్టిగా పట్టుకో, మెట్లమీద గట్టిగా పట్టుకో అని పదిహేనేళ్ళుగా నూరిపోసింది తనే కదా అని మాలకొండమ్మకు తెలుసు. పిల్ల తప్పితే, తప్పు ఎవరిదో కూడా తెలుసు.

పరీక్ష రోజు బుధవారం. కర్ర జీపులో దిగింది. దానితోపాటు పరీక్షకులూ, మెడలో దుర్భిణి వేసుకున్న పర్యవేక్షకుడూ దిగారు. మేకును సర్క్యులర్ ప్రకారం ఆవరణకు సరిగ్గా నడిమధ్యన పాతారు. దానికి పది అడుగుల ముందు ఇనప జెండా కొయ్య ఉంది. కొయ్య జరపాలంటే వేరే శాఖ అనుమతి కావాలి, మేకు జరపాలంటే మండలి అనుమతి కావాలి. రెండిటికీ టైము లేదు గనక దేన్నీ జరపలేదు. పర్యవేక్షకుడు నియమాలు చదివాడు. పరీక్షకులందరూ బంతి పోవలసిన దిక్కునే, అనగా పడమరనే, చూడవలెను. నేలను తాకనంతవరకు బంతి ఎగురుచున్నట్టే లెక్క. ఒక బంతి గాలిలో ఉండగా రెండవ బంతిని కొట్టరాదు.

ఇంటిపేరు ఆరికట్ల కావడంతో ప్రవల్లికదే మొదటి నంబరు. టైము పదకొండు. మేకుకు ఇరవై మీటర్ల వెనక, తూర్పున ఉన్న వంటషెడ్డులో మాలకొండమ్మ దబరా నిండా కోడిగుడ్లు ఉడకేసి, చీరచెంగు మొహాన కప్పుకుని, రెండు చెవులూ మూసుకుని నిలబడింది. చెవులు మూసుకున్నా ఠంగుమని ఒక చప్పుడు వినిపించింది. ఎవరి బుర్రో పగిలిందనుకుంది. ఆ వెంటనే కాలి మీద వేడినీళ్ళు చిందాయి. దబరా పొంగిందనుకుని, కళ్ళు తెరవకుండానే మంట తగ్గించింది.

బుర్ర ఎవరిదీ పగల్లేదు. పరీక్షకులందరూ నియమం ప్రకారం పడమరకే చూస్తున్నారు. అక్కడ ఎండబెట్టిన మిరపకాయల కళ్ళం తప్ప ఇంకేం లేదు. బంతి కనిపించలేదు. కళ్ళం అంతా వెతికించారు, దొరకలేదు. పర్యవేక్షకుడు అయిదు నిమిషాలు దుర్భిణిలో చూసి, ఫారంలో "గగనస్థము" అని రాసి సంతకం పెట్టాడు. ఒక బంతి గాలిలో ఉంది గనక మిగతా ముప్పై ఏడు మందికి పరీక్ష ఆగిపోయింది. ఆ బంతి దిగేదాకా ఎవరికీ హాల్ టికెట్ లేదు. కర్ర జీపెక్కి వెళ్ళిపోయింది.

అసలు భయం మాలకొండమ్మకు గుడ్లు వొలిచేటప్పుడు పట్టుకుంది. ఒక గుడ్డు ఎంతకీ పెచ్చు ఊడదు. తీరా చూస్తే కోలగా లేదు, గుండ్రంగా ఉంది. ఒంటి నిండా గుంటలు. గుడ్డుకు అమ్మవారు పోసిందనుకుంది. కోళ్ళకు ఏవేవో జబ్బులొస్తున్నాయని టీవీలో చెప్పనే చెబుతున్నారు. మిగిలిన గుడ్లన్నీ ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి, ఆ రోజు భోజనం గంట ఆలస్యం చేసింది. ఆ ఒక్క గుడ్డును స్టీలు డబ్బాలో పసుపూ వేపాకూ వేసి మూతపెట్టింది. పారేస్తే కుక్క తిని చస్తుంది. పాతిపెడితే ఆ మట్టిలో పెరిగిన ఆకుకూర ఎవరు తింటారో. కింద పెడితే చిన్నకూతురు కీర్తన తెలీక ముట్టుకుంటుంది. అందుకని ఇంటికి తీసుకుపోయి, పెరుగు ముంత తీసేసి, డబ్బాను ఉట్టిలో పెట్టింది. పశువుల డాక్టరు ఊరికి వచ్చినప్పుడు చూపిద్దామనుకుంది.

మర్నాటికి గుండ్లవారిపాలెం పేరు మోగిపోయింది. బంతి ఇంకా దిగలేదని ఏకాంబరం గారు పొద్దునొక నివేదిక, సాయంత్రమొక నివేదిక పంపుతున్నారు. బడి గేటుకు "ఆకాశంలో మన బడి" అని బ్యానర్ కట్టారు. బంతి ఏ క్షణమైనా దిగవచ్చు గనక గ్రామస్తులు తల కాపాడుకోవలెనని పంచాయతీ వారు టముకు వేయించారు. ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క ప్రవల్లిక మాత్రం అమ్మ పోరు పడలేక ఇత్తడి గిన్నె నెత్తిన పెట్టుకుని బడికి పోయేది. పరీక్షలకు పదిరోజులుంది. పిల్లలు పుస్తకాలు మూసి ఆకాశం వైపు చూస్తున్నారు. ఎప్పుడు దింపుతావే దాన్ని అని తోటి పిల్లలు తననే అంటున్నారని ప్రవల్లిక ఒకటే ఏడుపు.

సోమవారం పొద్దున కీర్తన అన్నంలోకి పెరుగు కావాలంటే ప్రవల్లిక ఉట్టికి చెయ్యిపెట్టింది. డబ్బా మూత తీసి, వేపాకులు పక్కకు నెట్టి చూసింది.

"అమ్మా, ఇది గుడ్డు కాదు."

"మూతెయ్యవే ముందు. గాలి సోకుద్ది."

"ఇది నా బంతే అమ్మా. చూడు, నా నంబరు వేసుంది."

మాలకొండమ్మ డబ్బా లాక్కుని చూసింది. మొదట, బంతి ఉడికిన నీళ్ళలో ఉడికిన గుడ్లు తిన్న పిల్లలందరూ కళ్ళముందు తిరిగారు. తరవాత పోలీసులు తిరిగారు. ఆఖరున, ఠంగుమన్న చప్పుడు ఏమిటో అర్థమైంది. కొయ్యకు తగిలి వెనక్కి వచ్చి దబరాలో పడ్డది.

డబ్బా చంకన పెట్టుకుని హెడ్మాస్టరు గదికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏకాంబరం గారు లేచి తలుపు మూసి, కిటికీ మూసి, ఫ్యాను కూడా ఆపి, తనేమీ వినలేదన్నారు. వినకపోయినా లెక్క మాత్రం చెప్పారు. బంతి ముందుకు పోవలసింది ఇరవై మీటర్లు వెనక్కి వచ్చింది. అంటే మైనస్ ఇరవై. ఫారంలో మైనస్‌కు గడి లేదు. పిల్ల తప్పుతుంది. పైగా దిగిన బంతిని అయిదు రోజులుగా దిగలేదని తను రెండుపూటలా రాసి పంపిన నివేదికల సంగతేమిటి.

"గాల్లో ఉంటేనే మనకు గౌరవం మాలకొండమ్మా. దాన్ని అట్టాగే ఉండనీ."

"గౌరవం సరే సారూ. మా పిల్ల పరీక్ష?"

"వచ్చే ఏడు రాసుకోవచ్చు. చిన్నపిల్లే కదా," అన్నారాయన. వచ్చే ఏటికి ఆయన రిటైరైపోతారు.

మాలకొండమ్మకు ఆ పగలంతా రెండు భయాలు చెరోవైపు లాగాయి. నిజం చెబితే తనను జైల్లో పెడతారని ఒకటి. చెప్పకపోతే పిల్లకు ఏడాది పోతుందని ఒకటి. పిల్ల నర్సు కోర్సు చదవాలనుకుంటోంది. ఏడాది పోతే చదువు మీద మనసు పోతుంది, మనసు పోతే తనలాగే పొయ్యి దగ్గర నిలబడుతుంది. రెండో భయమే పెద్దది. మంగళవారం మొదటి బస్సుకు ఆమె జిల్లా కేంద్రానికి బయల్దేరింది. డబ్బా ఒళ్ళోనే పెట్టుకుంది. కాళ్ళ దగ్గర పెట్టుకోమని పక్కామె అంటే, ఒద్దమ్మా, దొర్లిపోద్ది అంది.

ఉడ్డయన మండలి కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. సంచాలకులు పరాంకుశం గారు పెద్ద బల్ల వెనక కూర్చుని, రాష్ట్రంలోని బంతుల సగటు ఎత్తు గీసిన పటం చూస్తున్నారు. మాలకొండమ్మ డబ్బా తెరిచి, వేపాకులు తీసి, కొయ్యకు తగలడం దగ్గర్నుంచి ఉట్టి దాకా అంతా చెప్పేసింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. పిల్లదేం తప్పులేదండీ, పిడికిలి బిగించడం నేర్పింది నేనే, రాసుకుంటే నా పేరు రాసుకోండి అని ముగించి, బంతి తీసి బల్ల మీద పెట్టబోయింది.

"ఆగమ్మా. పెట్టకు," అన్నారు పరాంకుశం గారు.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన నియమావళి తెరిచి, కళ్ళజోడు మార్చుకుని, నిర్వచనాల పేజీకి వెళ్ళారు. నేల యనగా ప్రకృతిసిద్ధమైన భూతలము. దబరా నేల కాదు. డబ్బా నేల కాదు. ఉట్టి అసలే కాదు.

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. ఈ ఆరు రోజుల్లో ఇది ఎప్పుడైనా, ఒక్క క్షణమైనా, నేలను తాకిందా?"

"లేదు బాబూ. భయమేసి యాడా కింద పెట్టలా."

"బస్సులో?"

"ఒళ్ళోనే ఉంది."

పరాంకుశం గారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు. ఆయన లేచారని గదిలో ఉన్న గుమాస్తాలందరూ లేచారు. బుధవారం పదకొండు గంటలకు మేకు మీద నుంచి లేచిన బంతి నేటివరకు నేలను తాకలేదని, నియమావళి దృష్టిలో అది నిరంతరాయ ఉడ్డయనములో ఉన్నదని, ప్రస్తుతం తమ కార్యాలయపు గగనతలంలోనికి ప్రవేశించినదని ఆయన ప్రకటించారు. మాలకొండమ్మ చెయ్యి నొప్పెడుతోంది. దించమంటారా అని అడిగితే, విధివిధానములు పూర్తికావలెనమ్మా అన్నారు.

బంతిని దించడానికి అవతరణ సంఘం పేరుతో అప్పటికప్పుడు అయిదుగురు పోగయ్యారు. అందరూ మెట్లు దిగి ఆవరణలోకి వచ్చారు. ముందు మాలకొండమ్మ చెయ్యి చాచి నడుస్తుంటే, కూడా ఇద్దరు గుమాస్తాలు ఆమె చేతికింద తువ్వాలు పట్టుకుని నడిచారు. ఆవరణంతా సిమెంటు. సిమెంటు ప్రకృతిసిద్ధం కాదు. పూలకుండీల్లో మట్టి ఉందిగాని కుండీ భూతలం కాదు. చివరికి కొళాయి కారి సిమెంటు పగిలిన చోట జానెడు బురద దొరికింది. పరాంకుశం గారు గడియారం చూసి సైగ చేశారు. మాలకొండమ్మ వేళ్ళు వదిలింది. బంతి బుచిక్కుమని బురదలో కూరుకుంది. పదకొండు గంటలు. అందరూ చప్పట్లు కొట్టారు.

దూరం దగ్గర మళ్ళీ గడబిడ వచ్చింది. గుండ్లవారిపాలేనికి జిల్లా కేంద్రం తూర్పున యాభై ఎనిమిది కిలోమీటర్లు. బంతిని కొట్టించింది పడమరకు. వెనకకు ఎగరడం నియమావళిలో లేదు. లేనిది జరిగిందని రాయడానికి వీల్లేదని ముసలి గుమాస్తా అన్నాడు. పరాంకుశం గారు కాసేపు కళ్ళు మూసుకుని, ఎంతో తేలిక సంగతి మరచిపోయినవాడిలా నవ్వారు. పడమరకు పోయిన బంతి తూర్పున దిగిందంటే, అది భూగోళమును చుట్టి వచ్చినట్టే. భూమి చుట్టుకొలత నలభైవేల కిలోమీటర్లు. అందులో యాభై ఎనిమిది తీసేస్తే ముప్పై తొమ్మిది వేల తొమ్మిది వందల నలభై రెండు. ఆరు రోజులకు భాగిస్తే గంటకు రెండు వందల డెబ్బై ఏడు కిలోమీటర్ల వేగం వచ్చింది. ఆరితేరిన ఆటగాళ్ళు కొట్టిన బంతి కూడా కర్ర వదిలేటప్పుడు దగ్గర దగ్గర అంతే వేగంతో పోతుందని అరవై నాలుగు పేజీల పుస్తకంలోనే ఉంది. ఇంక అనుమానానికి తావేముందని ఆయన సంఘాన్ని అడిగారు. సంఘానికి అనుమానం లేదు.

"బాబూ, నేను బస్సులో తెచ్చానండీ," అని మాలకొండమ్మ మరోసారి చెప్పింది.

"గాలి మోసిందా, బస్సు మోసిందా అన్నది సాంకేతిక విషయమమ్మా. అది మేము చూసుకుంటాము."

మిగతా ముప్పై ఏడు మంది సంగతేమిటని ఆమె భయం భయంగా అడిగింది. బడి మొత్తానికి సగటు వేస్తే తలా వెయ్యిన్నీ యాభై ఒక్క కిలోమీటర్లు వచ్చింది. వంద మీటర్లు ఉంటే చాలు గనక అందరూ ఉత్తీర్ణులే అన్నారు. ముప్పై ఎనిమిది హాల్ టికెట్లు కవరులో పెట్టి, సీలు వేసి చేతికిచ్చారు. మాలకొండమ్మ అవి గాలికి ఎగిరిపోతాయని స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పరాంకుశం గారు వారించి, దేశం ఎత్తు పెంచిన తల్లివని ఆమెకే నమస్కారం పెట్టారు.

గేటు దాటుతుండగా ముసలి గుమాస్తా వెనకనుంచి పిలిచి, ఇంకా తడి ఆరని సర్క్యులర్ కాపీ ఒకటి చేతిలో పెట్టి, మీ హెడ్మాస్టరుకివ్వమ్మా అన్నాడు. ఆమెకు చదువు అయిదో తరగతే. బస్టాండులో కూర్చుని కూడబలుక్కుంటూ చదివింది. ఈ ఏటి రికార్డు దృష్ట్యా వచ్చే ఏడు నుంచి పదో తరగతికి కనీస దూరం రికార్డులో సగం. సగటు వేయుట రద్దు. ఎవరి దూరం వారిదే. పంతొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై ఒక్క కిలోమీటర్లు.

చిన్నది కీర్తన ఇప్పుడు తొమ్మిది చదువుతోంది.

దారి పొడుగునా మాలకొండమ్మ డబ్బా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. బస్సు దిగి నేరుగా బడికి పోయింది. ముప్పై ఎనిమిది మందీ ఆమె చుట్టూ మూగి, హాల్ టికెట్లు అందుకుని గంతులేశారు. ప్రవల్లిక తన హాల్ టికెట్‌ను వేళ్ళు తెల్లబడేట్టు పట్టుకుని అమ్మ భుజం మీద తలపెట్టింది. నలుగుతుందే, వదులుగా పట్టుకో అంది మాలకొండమ్మ. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఏకాంబరం గారు కొత్త సర్క్యులర్ నిలబడి చదివి, చప్పట్లు కొట్టారు.

అప్పటికే తొమ్మిదో తరగతి వాళ్ళకు సాధన మొదలైంది. కీర్తన తెడ్డు పట్టుకుని, మేకు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, జెండా కొయ్యకు తగలకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడి ఉంది. ఎడమ మడమ చూసుకో అని రత్నం గారు చెబుతున్నారు. మాలకొండమ్మ ఆవరణ మధ్యకు నడిచి వెళ్ళింది. ఈసారి నెత్తిన బేసిన్ లేదు. పిల్ల భుజాలు పట్టుకుని, కొయ్యకు సరిగ్గా ఎదురుగా తిప్పి నిలబెట్టింది.

"పక్కకెందుకే. కొయ్యకేసి కొట్టు," అంది. "దబరా మూత నేను తీసిపెడతా."